ఏ యేటి ఓదేలు

బల్లార్షా స్టేషన్ బయట, వెదురు లారీలు మలుపు తిరిగే కాడ
ఆత్రం జంగు చాయ్ బండి.
గాలి మిల్లు దిక్కు నుంచి వస్తే
చాయ్‌ల సుత ఉడికిన గుజ్జు వాసన.
అక్కడ రోజూ పొద్దుగూకినంక
బతికున్న ఇద్దరు మనుషులకు వయసులు మార్చి
కొట్లాట పెడ్తం.

ఒకడు సాస్తి గనోడు, జాడి ఓదేలు.
ఒకడు కాయితం మిల్లోడు, వామన్ చాందేకర్.
నిజంగ ఎదురుపడ్డది ఒక్కసారి,
ఎనభై మూడు, కాలరీ గ్రౌండు, దసరా ముందటి ఐతారం.
ఓదేలుకు పసిరికలు తగ్గి నెల గాలే.
వామన్‌కు మీసం సరిగ రాలే.
మూడు రౌండ్లు. పాయింట్ల మీద ఓదేలు.
గంట కొట్టింది నేనే: వేలాడదీసిన పట్టా ముక్క, ఒక సుత్తె.
ఆ గెలుపును ఇప్పటికీ ఎవడూ ఒప్పుకోడు,
ఓదేలు సుత.

అందుకే ఈ లెక్కలు.

"డెబ్బై తొమ్మిది ఓదేలును తీస్కో," అంటడు కొలిపాక సమ్మయ్య,
"పైకప్పు కూలకముందటోడు, కుడి భుజం ఇంకా భుజమే అయినప్పుడు.
బొగ్గు సంచిని గుద్దితే అవతలి గోడకు నల్లమచ్చ పడేది."
"తీస్కున్న. నాకు ఎనభై ఏడు వామన్‌ను ఇయ్యి," అంటడు మోరేశ్వర్,
తెలుగుల మొదలువెట్టి మరాఠీల ముగించే మనిషి.
"నాగపూర్ పోయొచ్చినంక, కాళ్ళు నేర్చుకున్నంక.
మిషన్ ఫెల్టు చింపి పిడికిళ్ళకు చుట్టుకునేటోడు,
కాయితం రీలు లెక్క తిరిగేటోడు. అంచు దొరకదు."
"అంచు దొరకకుంటే నడుమ గుద్దుతడు మావోడు."
"నడుమ ఉంటె గద!"

ఒక్కో ఏడు ఒక్కో పేకముక్క.
దించుతరు, నాలిక కరుసుకొని వెనక్కి తీస్కుంటరు.
సమ్మయ్య, ఓదేలు తాగుడు బందువెట్టిన ఏడు కావాలంటడు.
మోరేశ్వర్, వామన్‌కు బిడ్డ పుట్టిన ఏడు వద్దంటడు, ఆ యేడంత నిద్ర లేదట.
బరువు ఎవడు తగ్గాలె? తాళ్ళు వదులా, బిగువా?
జంగు సక్కెర కలుపుకుంట
"ఆ రోజు వాన పడ్తదా?" అని అడిగిండు ఒకసారి.
ఆ ఒక్కదానికే రాత్రి పాసింజరు ఎల్లిపోయింది.

నన్ను ఎవరూ అడగరు.
గంట కొట్టేటోనికి గుద్దులు సక్కగ యాదికుండవు,
గడియారం చూసుకునుడే సరిపాయె.
యాదికున్నది రౌండ్ల నడుమ నిమిషం.
రెండు మూలల రెండు స్టూళ్ళు, ఎగిసిపడే పక్కటెముకలు,
ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలే.
ఇద్దరూ నా సుత్తెనే చూసిండ్రు,
జర ఆగరాదు, అన్నట్టు.

మొన్న ఓదేలునే అడిగినం. ప్రతి మాటకు నడుమ ఒక దగ్గు.
"నా పైసలు వామన్ మీద," అన్నడు.
సమ్మయ్య మొఖం చూడాలె!
"డెబ్బై తొమ్మిదిల నాకు భయమంటే తెల్వదు.
భయం తెల్వనోడు గదువ దాసుకోడు.
ఎనభై మూడుల వామన్‌కు దాసుకొనుడు నేర్పిందే నేను,
నేర్పినంక ఊకుంటడా?"

వామన్‌ను అడిగితే చెయ్యి ఊపిండు, అంతే.
ఈ మధ్య ఆ చెయ్యి అడగకున్నా ఊగుతది.

నిన్న ఇద్దరూ ఒకే బల్ల మీద.
వామన్ వేళ్ళ నుంచి గ్లాసు జారింది.
ఓదేలు ఎడమ చెయ్యి పోయింది.
అతను పంపలేదు, అదే పోయింది,
భుజం నుంచి తిన్నగ, గదువ లోపలికి దాసుకొని.
జానెడు తక్కువ పడ్డది.
సిమెంటు మీద గ్లాసు నాలుగు ముక్కలు,
వామన్ చెప్పుల మీద వేడి చాయ్.

"డెబ్బై తొమ్మిదిల అయితే పట్టేటోణ్ణి," అన్నడు ఓదేలు.
"ఎనభై ఏడుల అయితే జారనిస్తునా?" అన్నడు వామన్.

సమ్మయ్య స్టూలు ముందుకు జరుపుకున్నడు.
మోరేశ్వర్ బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నడు.
ముక్కలు ఏరుకుంట జంగు అడిగిండు,
"గ్లాసు పైసలు ఏ యేటి ఖాతల రాయాలె?"